అటక మీది అల్లిక మెషిన్

మన గోదావరి డెల్టాలో చలికాలం అంటే ధనుర్మాసం ఒక్కటే. తెల్లారగట్ల కాలవ మీద మంచు కమ్ముకుంటుంది, కొబ్బరి మట్టల నుంచి చుక్కలు చుక్కలుగా రాలుతుంది, ఎనిమిది కొట్టేసరికి ఎండెక్కి దుప్పటి లాగేస్తుంది. ఇలాంటి చోట స్వెటర్లు అల్లే మెషిన్ దేనికని అనిపిస్తుంది గానీ, నీళ్లు పోసి సాంబ్రాణి పట్టిన పసిపిల్లకి ఒక చొక్కా, బాలింతరాలికి చెవులు మూసే టోపీ, వరండాలో పేపరు చదివే తాతగారికి మఫ్లరు ఆ నెల్లాళ్లూ కావలసిందే. అందుకని మధ్య హాల్లో బల్లకి రెండు బిగింపులతో ఒక పొడుగాటి మెషిన్ బిగించి ఉండేది కొన్ని ఇళ్లలో. జర్రున ఒక వైపు, జర్రున మరో వైపు, మధ్యలో వరసల మీటరు టిక్కుమనడం. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధిలోకి వినపడే చప్పుడు అదే.

ఆ చప్పుడు చేసే భాగాన్ని క్యారేజీ అంటారు. మన వైపు క్యారేజీ అంటే అన్నం పట్టుకెళ్లేది కాబట్టి పిల్లలకి ఆ మాట వింటే నవ్వే. సూదులు బారుగా అమర్చిన పలక (బెడ్) మీద అటూ ఇటూ నడిచే ఇనప పెట్టె అది. దాని అడుగున గాళ్లు ఉంటాయి. ప్రతి సూదికీ పైకి పొడుచుకొచ్చిన చిన్న మడమ ఉంటుంది. మడమ ఆ గాడిలో పడి ముందుకొచ్చి వెనక్కి పోతుంది, ఆ రాకపోకలోనే ఒక కుట్టు పడుతుంది. ఇళ్లలో ఎక్కువగా వాడిన జపాన్ రకాల్లో 200 సూదులు, సూదికీ సూదికీ మధ్య 4.5 మిల్లీమీటర్లు. అంటే సూదులున్న మేర 90 సెంటీమీటర్లు. లావు ఊలుకి 9 మిల్లీమీటర్ల ఎడం ఉన్న మెషిన్లు వేరే ఉన్నాయి. మన వాతావరణానికి అంత మందం బట్ట ఎవరికి కావాలి?

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు ఆడవాళ్లకి ఈ మెషిన్ సూది కొత్తగా అనిపించదు. లేసు అల్లిన చెయ్యి దాన్ని ఇట్టే పోల్చుకుంటుంది. 1844 ప్రాంతంలో మెక్‌రే అనే మిషనరీ దంపతులు ఇక్కడ నేర్పారని చెప్పే లేసు పని అరుగుల మీద కూర్చునే తరాలు దాటింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లేసు సూదితో గొలుసు ఎలా వేస్తాం? హుక్కు మీద ఒక ఉచ్చు ఉంటుంది, దారాన్ని హుక్కుతో పట్టి ఆ ఉచ్చులోంచి లాగుతాం. మెషిన్ సూది చేసేదీ అదే. తేడా ఏమిటంటే, ఉచ్చు హుక్కుకి తగులుకోకుండా మనం వేలితో, మణికట్టు తిప్పి తప్పిస్తాం. మెషిన్ సూదికి ఆ పని హుక్కు పక్కనే ఉన్న చిన్న నాలుక చేస్తుంది. సూది ముందుకి రాగానే పాత ఉచ్చు నాలుకని తెరిచి దాని వెనక్కి జారుతుంది. కొత్త ఊలు హుక్కులో పడుతుంది. సూది వెనక్కి పోతుంటే అదే పాత ఉచ్చు నాలుకని తోసి హుక్కు మూసేసి, దాని మీదుగా ఊడి అవతల పడుతుంది. విలియం లీ 1589లో మేజోళ్లు అల్లే మొదటి యంత్రం చేసినప్పుడు ఈ నాలుక లేదు. హుక్కు కొసని పైనుంచి విడిగా నొక్కి మూయాల్సి వచ్చేది. లీస్టర్ ఊరి మాథ్యూ టౌన్‌సెండ్ 1840ల చివర్లో నాలుక సూదికి పేటెంటు తీసుకున్నాకే ఇంట్లో ఒక మనిషి ఒక చేత్తో తోసే మెషిన్‌కి దారి దొరికింది.

క్రోషే లేసుని మాత్రం ఇప్పటికీ ఏ మెషినూ అల్లలేదు. బజార్లో మెషిన్ లేసు పేరుతో అమ్మేది వేరే నేత, దానికి ఆ ఆకారం తెప్పిస్తారు. లేసమ్మలు దాన్ని చూసి మూతి విరవడంలో న్యాయం ఉంది.

సరే, అటక మీంచి మెషిన్ దించారనుకుందాం. పాత నేత చీర చుట్టి ఉంటుంది, పెట్టె మూత లోపల ఇంకా మెషిన్ నూనె వాసన ఉంటుంది. దించగానే ఊలు ఎక్కించి క్యారేజీ తోసేస్తారు చాలామంది. మొదటి తప్పు అదే. పది మెషిన్లు దించితే పదింటికీ పోయి ఉండేది ఒకే ఒక వస్తువు, స్పాంజి పట్టీ. బెడ్ ముందు భాగంలో అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకి దూర్చిన రేకు పట్టీ అది. దాని అడుగున అంటించిన స్పాంజి సూదులన్నిటినీ బెడ్ మీది గాళ్లలోకి నొక్కి పడుతుంది. స్పాంజి చచ్చిపోతే సూదులు పైకి తేలతాయి. తేలిన సూది మడమ క్యారేజీ గాడిలోకి సరిగ్గా రాదు, వంకరగా తగులుకుంటుంది. కుట్లు జారడం, క్యారేజీ దడదడలాడడం, చివరికి సూది వంగిపోవడం, అన్నిటికీ మూలం అదే. మెషిన్ పాడైపోయిందని ఇనప సామాన్లవాడికి వేసేసిన ఇళ్లలో సగం మంది పోగొట్టుకున్నది ఆ స్పాంజి ముక్కనే అని మా నమ్మకం.

పరీక్ష తేలిక. నాలుగైదు సూదుల్ని పూర్తిగా ముందుకి లాగి, హుక్కు కొసని వేలితో కాస్త పైకి ఎత్తి వదలండి. మంచి స్పాంజి ఉంటే వేలికి ఎదురు తగిలి, వదలగానే సూది కిందికి వచ్చేస్తుంది. లేకపోతే వదులైన పన్నులా ఊగులాడుతుంది. మెషిన్‌ని నిటారుగా నిలబెడితే సూదులు వాటంతట అవే జారిపోతున్నా జబ్బు అదే. వాడినా వాడకపోయినా స్పాంజి చస్తుంది. పాలియురేథేన్ స్పాంజిని గాలిలోని తేమా వేడీ కలిసి విరగ్గొట్టేస్తాయి. మన గాలిలో ఆ రెండూ ఏడాది పొడుగునా ఉంటాయి. రాజస్థాన్‌లో అటక మీద పడున్న మెషిన్‌కీ, సఖినేటిపల్లిలో పడున్న మెషిన్‌కీ తేడా అక్కడే వస్తుంది. పట్టీ బయటికి లాగితే నల్లటి జిగురు, లేదా పొడిపొడిగా రాలే బంగారు రంగు పిండి కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

పట్టీని ఒక చివర నుంచి స్క్రూడ్రైవరుతో నెడితే రెండో చివర బయటికి వస్తుంది, అక్కణ్ణించి నెమ్మదిగా లాగేయొచ్చు. పాత జిగురుని చాకు మొండి వైపుతో గీకి, కిరసనాయిలు తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక సబ్బు నీళ్లతో ఇంకోసారి తుడవాలి. జిడ్డు మీద కొత్త స్పాంజి అంటదు. కిటికీ సందుల్లో అంటించే గట్టి స్పాంజి టేపు హార్డువేరు కొట్లో దొరుకుతుంది. సుమారు 10 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్నది తెచ్చుకోవాలి. వేలితో నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి. పరుపుల్లో వేసే మెత్తని స్పాంజి పది రోజులు కూడా ఆగదు. అంటించేటప్పుడు సాగదీయకూడదు, సాగదీస్తే రెండు నెలల్లో ముడుచుకుని ఒక చివర బోడిగా మిగులుతుంది. స్పాంజి మీద సన్న శాటిన్ రిబ్బను ఒక వరస అంటించాలి, లేకపోతే లోపలికి దూర్చేటప్పుడు సూదులు స్పాంజిని చీరేస్తాయి. బడిపిల్లల జడ రిబ్బను దీనికి వెడల్పు ఎక్కువ. నిలువునా చీల్చితే అంచు పోగులు ఊడి సూదుల్లో చిక్కుకుంటాయి, ఆ పని చెయ్యకండి.

తిరిగి దూర్చడం మాత్రం ఇద్దరి పని. సూదులన్నీ బాగా వెనక్కి నెట్టి, స్పాంజి వైపు కిందికి ఉండేలా పట్టీ కొసని పెట్టి, ఒకరు నెడుతుంటే ఇంకొకరు పట్టీ ముందున్న సూదుల్ని స్కేలుతో కిందికి నొక్కుతూ పోవాలి. ఎక్కడైనా ఆగిందంటే ఒక సూది పట్టీ మీదికి ఎక్కిందన్నమాట. బలవంతంగా నెట్టొద్దు, నాలుగంగుళాలు వెనక్కి లాగి మళ్లీ నొక్కాలి. ఈ పని చేస్తూ అత్తాకోడళ్లు మాట్లాడుకోని సంసారం మాకు తెలిసి లేదు. అంతసేపు దగ్గర కూర్చోవాలి మరి.

పట్టీ బయట ఉన్నప్పుడే సూదుల సంగతీ చూసేసుకోవాలి. సూదిని ముందుకి తోసి, హుక్కు కొసని కిందికి నొక్కితే వెనక తోక పైకి లేస్తుంది. దాన్ని పట్టుకుని వెనక్కి లాగితే వచ్చేస్తుంది. యాభై యాభైగా తీసి సర్జికల్ స్పిరిట్‌లో ఒక పూట నానబెట్టి, పాత బనీను గుడ్డతో తుడిచి, ఒక్కొక్కదాన్ని అద్దం పలక మీద దొర్లించి చూడాలి. వంకర ఉన్నది తేలిపోతుంది. నాలుకని గోటితో తడితే ఏ అడ్డూ లేకుండా ఊగాలి. మూస్తే సరిగ్గా హుక్కు మధ్యలో కూర్చోవాలి. పక్కకి ఒరిగిందంటే ఆ సూది ఉన్న చోట బట్టలో నిలువునా గీత పడుతుంది. తుప్పు మచ్చ తుడిస్తే పోయినా గరుకు మిగిలిందంటే ఊలు పోగుల్ని లాగేస్తుంది.

కొత్త సూదులు దొరక్కపోతే పాతకాలపు ఉపాయం ఒకటుంది. పసిపిల్లల బట్టకి మధ్యలో డెబ్బయ్యో ఎనభయ్యో సూదులు చాలు. రెండు చివర్లా పనిలేకుండా కూర్చున్న సూదులు ఎప్పుడూ కొత్తవాటిలాగే ఉంటాయి. వాటిని మధ్యకి తెచ్చి, మధ్యలోని అరిగినవాటిని చివరలకి పంపడమే. బ్రదర్ కంపెనీ 1990ల చివర్లో ఇంటి అల్లిక మెషిన్ల తయారీ ఆపేసింది. ఆ రకం మెషిన్ ఉన్నవాళ్లు దుప్పట్లూ శాలువలూ మొదలుపెట్టి అన్ని సూదులూ అరగ్గొట్టుకునే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే మంచిది.

నూనె దగ్గర కోనసీమ వాళ్లకి ఒక హెచ్చరిక. తలుపు బందుకీ, సైకిలు గొలుసుకీ, తలకీ, కూరకీ కొబ్బరినూనె రాసే చెయ్యి ఇక్కడ కాస్త ఆగాలి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టేస్తుంది. సరిగ్గా మెషిన్ బయటికి తీసే ధనుర్మాసం పొద్దున్నే సూదులు గాళ్లలో మైనం పోసినట్టు బిగుసుకుంటాయి. ఎండెక్కాక మళ్లీ నడుస్తుంది కాబట్టి జబ్బేమిటో అంతుపట్టదు. పైగా ఊలు నూగంతా దానికి అంటుకుని పేస్టులా తయారవుతుంది. కుట్టు మెషిన్‌కి వేసే పల్చటి నూనె, అదీ గుడ్డకి రాసి క్యారేజీ నడిచే పట్టాల మీదా సూది మడమల మీదా తుడిస్తే చాలు. చుక్కలు కారేలా పోస్తే మొదటి గజం బట్ట నల్ల మచ్చలతో వస్తుంది. అందుకే నూనె పెట్టిన రోజు వేస్ట్ దారంతో ఓ యాభై వరసలు అల్లి పారేస్తారు. థిన్నరు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, ప్లాస్టిక్ భాగాలు కరిగిపోతాయి, సూదుల అంకెలూ చెరిగిపోతాయి.

క్యారేజీ తిరగేస్తే ముందు పలక అడుగున చిన్న చిన్న గుండ్రటి కుంచెలు కనిపిస్తాయి. అవి గిర్రున తిరుగుతూ నాలుకలు మూసుకుపోకుండా చూస్తాయి. వాటి ఇరుసులకి ఏళ్ల తరబడి నూగు, వెంట్రుకలు చుట్టుకుని ఉంటాయి. మరలు విప్పి, సూది మొనతో లాగేసి, వేలితో తిప్పి చూడాలి. ఒక్క కుంచె తిరక్కపోయినా ఆ వైపుకి వెళ్లేటప్పుడే కుట్లు జారతాయి, ఈ వైపుకి వచ్చేటప్పుడు బాగుంటుంది. ఒకే దిక్కులో జారుతున్నాయంటే స్పాంజిని అనుమానించకుండా కుంచెలు చూడండి.

ఇంత చేసినా మధ్యలో ఆగే రోజు వస్తుంది. ఇప్పుడా మెషిన్ హైదరాబాద్ అపార్ట్‌మెంటులో మనవరాలి దగ్గర ఉంటుంది, అల్లడం తెలిసిన మనిషి పాలకొల్లులో ఉంటుంది. మధ్యలో వీడియో కాల్.

"అమ్మమ్మా, సగంలో ఆగిపోయింది. అటూ పోదు ఇటూ రాదు."

"ముందు చెయ్యి తియ్యవే. తొయ్యకు."

"తియ్యడం అయింది."

"మెషిన్ కాదే నాకు చూపించేది. పైన కమ్మీ చూపించు. ఊలు అక్కడ బిగుసుకుందా, వేలాడుతోందా?"

"కింద ఉండకే చుట్టుకుపోయింది."

"అదీ. ఉండని చేత్తో చుట్టావు కదూ?"

అమ్మమ్మ మెషిన్ వదిలేసి పైన ఊలు వచ్చే కమ్మీ అడగడంలోనే అసలు అనుభవం అంతా ఉంది. ఆగిపోవడానికి సగం కారణాలు ఊలు వచ్చే దారిలోనే ఉంటాయి. గట్టిగా చుట్టిన ఉండ దొర్లుతూ, ఆగుతూ, లాగుతూ వస్తుంది. లాగినప్పుడల్లా ఆ వరసలో కుట్లు బిగుసుకుంటాయి, బిగుసుకున్న ఉచ్చు నాలుక మీదుగా జారదు. ఊలుని వదులుగా, లోపలి కొస నుంచి వచ్చేలా చుట్టుకోవాలి. నూలు దారమైతే చుట్టేటప్పుడే కొవ్వొత్తి ముక్కకి రాసుకుంటూ పోవాలి. ఇక ఆగిన క్యారేజీని తొయ్యడం అంటే సూదులు వంచుకోవడమే. ముందు పలకకి ఉన్న రెండు మరలు విప్పి పలక తీసేస్తే క్యారేజీ చాలావరకు తేలిగ్గా పైకి వస్తుంది. అప్పుడు సగం అల్లిన వరసని సూది తర్వాత సూదిగా వెనక్కి విప్పి, సూదులన్నీ ఒకే బారులో పెట్టి, క్యారేజీని ఆ వరస మొదలెట్టిన వైపే మళ్లీ ఎక్కించాలి. వరసల మీటరు ఒక అంకె వెనక్కి తిప్పడం మర్చిపోతే ముందు భాగం, వెనక భాగం ఒక వరస తేడా వస్తాయి.

జారిన కుట్టు దగ్గరే లేసు చెయ్యి అక్కరకొస్తుంది. మెషిన్ మీద మనకి కనిపించేది బట్ట వెనక వైపు. కుట్టు జారి నాలుగు వరసలు నిచ్చెన పడిందనుకోండి. నాలుక సూది బిగించిన చేతిపిడి ఒకటి మెషిన్‌తోనే వస్తుంది. దాన్ని బట్ట వెనక నుంచి, జారిన ఉచ్చుకి ఒక వరస కింద గుచ్చాలి. మెల్లగా కిందికి లాగితే ఉచ్చు నాలుక వెనక్కి పోతుంది. నిచ్చెన మొదటి మెట్టుని హుక్కుతో పట్టి లాగితే నాలుక మూసుకుని ఉచ్చు ఊడి పడుతుంది. అలా నాలుగు మెట్లూ ఎక్కి, పై ఉచ్చుని మళ్లీ మెషిన్ సూదికి తగిలించాలి. మెట్టు ఒకటి దాటేస్తే వెనక అడ్డంగా ఒక దారం వేలాడుతుంది, పిల్లల వేలికి తగులుకుంటుంది. పిడి పోతే లేసు సూదితోనే చేస్తారు మన వైపు. నాలుక లేకపోయినా పర్వాలేదు, గొలుసు వేసిన చెయ్యికి మణికట్టు తిప్పడం తెలుసు కదా.

మొదలు కుట్లు వేసే పద్ధతి కూడా లేసువాళ్లకి ఒక్క చూపులో వస్తుంది. క్యారేజీని కుడి వైపు ఉంచి, కావలసిన సూదులన్నీ పూర్తిగా ముందుకి లాగి, ఎడమ చివర నుంచి ఒక్కో సూదికి ఊలుని గడియారం ముల్లుకి ఎదురు దిక్కులో చుట్టుకుంటూ కుడి వైపుకి రావాలి. బిగించి చుట్టకూడదు. బిగించి చుట్టినవి మొదటి వరసలోనే ఆగిపోతాయి. ఒక వరస నడిచాక మెషిన్‌తో వచ్చే దువ్వెన బట్టకి తగిలించి బరువులు వేలాడదీయాలి. బరువు తక్కువైతే పాత ఉచ్చులు సూది మీంచి దిగకుండా రెండేసి పోగవుతాయి. ఎక్కువైతే చివరి కుట్లు సాగి అంచు తోరణంలా వేలాడుతుంది. బరువులు పోయినచోట వలకి కట్టే సీసపు గుండ్లు వాడడం తీరం వైపు మామూలే. సీసం చేతికీ బట్టకీ అంటుతుంది, పసిపిల్లలది కాబట్టి గుండ్లని గుడ్డ మూటలో కట్టి వాడాలి.

ఇప్పుడు లెక్కల దగ్గరికి వద్దాం. పాత నోటుబుక్కుల్లో "బాబు చొక్కా, 70 సూదులు, 7 నంబరు" అని మాత్రమే ఉంటుంది. ఆ 7 టెన్షన్ మీట, అంటే కుట్టు ఎంత బిగువో వదులో చెప్పే మీట మీది అంకె. ఒక మెషిన్ మీది 7 ఇంకో మెషిన్ మీద 7 కాదు, నాలుగు పోగుల అక్రిలిక్‌లోనూ కొట్టుకో మందం. అందుకే ముందు నమూనా ముక్క అల్లాలి: అరవై సూదుల మీద, మొదటా చివరా వేరే రంగు వేస్ట్ దారం రెండు వరసలు వేసి, మధ్యలో సరిగ్గా 60 వరసలు. నడుమ 40 కుట్ల హద్దులో రెండు చివరా రంగు దారం ముక్కలు తగిలించి దించేయాలి. దించిన వెంటనే కొలవకండి. మెషిన్ మీద బరువుకి నిలువునా సాగి ఉంటుంది. ఊలైతే ఒక రాత్రి పడుకోనివ్వాలి, నూలైతే ఉతికి ఆరాకే కొలత. తొందరపడి కొలిచిన చొక్కా రెండో ఉతుక్కి పొట్టిదైపోయి బొడ్డు పైకి ఎక్కుతుంది.

అలా పడుకున్న ముక్కలో 40 కుట్లు 14.3 సెంటీమీటర్లు, 60 వరసలు 15 సెంటీమీటర్లు వచ్చాయనుకుంటే, 10 సెంటీమీటర్లకి 28 కుట్లు, 40 వరసలు. ఆరు నెలల పిల్లకి వెనక భాగం 25 సెంటీమీటర్ల వెడల్పు కావాలి, అంటే 70 సూదులు. చంక దాకా 15 సెంటీమీటర్లు, 60 వరసలు. చంక నుంచి భుజం దాకా 11 సెంటీమీటర్లు, 44 వరసలు. చంక దగ్గర తగ్గించకుండా తిన్నగా 104 వరసలు అల్లి, చంక చోట అంచుకి రంగు దారం గుర్తు కట్టుకుంటే మొదటిసారి వాళ్లకి సుఖం. మెడకి 28 కుట్లు వదిలితే భుజానికి 21, 21. చెయ్యి మణికట్టు దగ్గర 42 కుట్లతో మొదలై, ప్రతి ఆరు వరసలకీ రెండు వైపులా ఒక్కో కుట్టు చొప్పున పదిసార్లు పెరిగి 62 అవుతుంది, పైన నాలుగు వరసలు సాదాగా. 64 వరసలకి 16 సెంటీమీటర్ల చెయ్యి. ఇందులో అందరూ పడే గోతి మెడ. 28 కుట్లంటే 10 సెంటీమీటర్ల వెడల్పే. ఆరు నెలల పిల్ల తల అందులోంచి దూరదు, పిల్ల కయ్యిమంటుంది. ఒక భుజం కలపకుండా వదిలేసి రెండు బొత్తాలు పెట్టాలి.

అంచుకి సాగే రిబ్బు పట్టీ రావాలంటే రెండో సూదుల బెడ్ కావాలి, అది మన ఇళ్లలో అరుదు. దానికి బదులు సూది విడిచి సూది పనిలో పెట్టి, టెన్షన్ రెండు మూడు అంకెలు తగ్గించి ఇరవై వరసలు అల్లి, మొదటి వరస ఉచ్చుల్ని మళ్లీ సూదులకి తగిలించి మడత వేస్తారు. ఖాళీ సూదులనూ ముందుకి తెచ్చి ఒక వరస నడిపితే మడత లోపల మూసుకుంటుంది.

మన వాతావరణానికి అక్రిలిక్ కన్నా నూలే మేలని మా అభిప్రాయం. ఫాల్గుణం దాటాక అక్రిలిక్ చొక్కా వేసిన పిల్ల మెడ చుట్టూ చెమటకాయలే. లేసుకి వాడే మెర్సిరైజ్డ్ నూలు దారం రెండు మూడు పోగులు కలిపి నడిపితే చక్కటి పల్చటి బట్ట వస్తుంది. నూలుకి సాగుడు గుణం లేదు కాబట్టి టెన్షన్ ఒక అంకె పెంచాలి, బరువు కాస్త ఎక్కువ పెట్టాలి, క్యారేజీ నెమ్మదిగా తొయ్యాలి. అక్రిలిక్‌కి గట్టి ఇస్త్రీ పనికిరాదు. ఒక్కసారి వేడి పెట్టె ఆనితే చచ్చిన చేపలా చదునైపోతుంది, ఇక లేవదు.

మెషిన్ బట్టకి ఒక జన్మలక్షణం ఉంది. పక్క అంచులు వెనక్కి, పైనా కిందా అంచులు ముందుకి చుట్టుకుపోతాయి. ఇక్కడ డెల్టా ఇళ్లలో వేసే విరుగుడు క్రోషే అంచు. మెడకీ చేతులకీ ఒక వరస సాదా కుట్టు, దాని మీద గవ్వల వరసో ముడుల వరసో. లేసు పనికి వాడే సన్న ఇనప సూది దీనికి పనికిరాదు, ఊలు పోగుల్ని చీల్చుతుంది. 2 మిల్లీమీటర్ల సూది కావాలి. పైన దించిన అంచు మీద కుట్టుకి కుట్టు వేయొచ్చు. నిలువు అంచు మీద అలా కాదు. పైన చెప్పిన లెక్కలో 10 సెంటీమీటర్లకి వరసలు 40, కుట్లు 28. కాబట్టి పది వరసలకి ఏడు కుట్లే. పదికి పదీ వేస్తే అంచు పావడా కుచ్చిళ్లలా లేస్తుంది, అయిదే వేస్తే బట్ట ముడుచుకుంటుంది. చూపు ఆనని వయసులో కూడా ఈ ఏడూ పదీ వేళ్లకి అలవాటైపోతుంది. మెషిన్ పని ముందు గదిలో కోడలిది, అంచు పని వరండాలో అత్తగారిది. ఒక్క చొక్కాకి నాలుగు చేతులు పడేవి.

మళ్లీ అటక ఎక్కించేటప్పుడు ప్లాస్టిక్ కవరు చుట్టొద్దు, లోపలి తేమ లోపలే ఉండి సూదులు తుప్పు పడతాయి. నూనె గుడ్డతో తుడిచి, పాత నేత చీర చుట్టాలి. 1986 వరదనీ 1996 తుఫానునీ చూసిన ఇళ్లవాళ్లకి మంచం కింద పెట్టొద్దని చెప్పక్కర్లేదు. పట్టీకి కొత్త స్పాంజి వేసిన నెలా ఏడాదీ చీటీ రాసి పెట్టెలో వేయాలి. మూడేళ్లు దాటిందంటే చీర విప్పగానే టేపు కొనడానికి వెళ్లొచ్చు.

నోటుబుక్కు కూడా ఆ పెట్టెలోనే ఉండాలి, మడతలో నమూనా ముక్కతో సహా. సిరా చెమ్మకి అలుక్కుపోయి అంకెలు కనపడకపోవచ్చు. ముందుచూపున్నవాళ్లు అందుకే ముక్క కొసన వదిలిన ఊలు తోకకి టెన్షన్ ఎంతో అన్ని ముడులు వేసేవాళ్లు. లేత గులాబీ రంగు ముక్క, అంచు చుట్టుకుపోయి, కర్పూరం వాసనతో. తోక పట్టుకుని వేళ్ల మధ్య జార్చితే ఒకటి, రెండు, మూడు. ఏడు ముడులు. మీట ఏడు మీదికి తిప్పడమే.